బొబ్బిలి కత్తి, మత్స్యలేశం పడవ

తెలుగు సినిమాలో బొబ్బిలి అన్న పేరు పౌరుషానికి గుర్తుగా స్థిరపడిపోయింది. 1982లో దాసరి నారాయణరావు దర్శకత్వంలో ఎన్టీఆర్ ‘బొబ్బిలి పులి’ అయ్యారు. 1984లో కృష్ణంరాజు ‘బొబ్బిలి బ్రహ్మన్న’, 1990లో వెంకటేష్ ‘బొబ్బిలి రాజా’, 1994లో బాలకృష్ణ ‘బొబ్బిలి సింహం’. రాజశేఖర్ ‘బొబ్బిలి వంశం’ కూడా ఈ వరసలోదే. ఒక చిన్న పట్టణం పేరును పెద్ద హీరోలు ఇన్నిసార్లు నెత్తిన పెట్టుకోవడం తెలుగు తెర మీద అరుదు. అయినా ఈ సినిమాలన్నీ చూసినవాళ్లకు కూడా బొబ్బిలి మనుషులెలా మాట్లాడతారో, ఏం తింటారో, దేనికి ఏడుస్తారో తెలియదు. పేరు తీసుకున్నారు, ఊరిని వదిలేశారు.

కుటుంబం కోసం ప్రాణమిచ్చే హీరో, అతనికొక ప్రేమకథ, మధ్యలో నాలుగు పోరాటాలు. తెలుగువాళ్లు ఎన్నేళ్లయినా విసుగు లేకుండా చూసే కథ ఇది. ఈ కథ శ్రీకాకుళం, విజయనగరం గడ్డ మీదికి వచ్చినప్పుడు ఏమైంది, ఇక్కడి నుంచి ఏం తీసుకుంది, ఏం చూడకుండా పోయింది అన్నది ఒక్కసారి మొదటి నుంచీ పరిశీలించవలసిన విషయం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇంటి గౌరవం కోసం గడప దాటి వెళ్లిన మగవాడి కథను మన సినిమా మళ్లీ మళ్లీ చెప్పింది. ఆ గడప దగ్గర నిలబడి వెళ్లొద్దని బతిమాలిన ఆడమనిషి కథ ఈ నేల మీద అంతకంటే పెద్దది. దాన్ని దాదాపుగా ముట్టుకోలేదు.

మొదలు 1757 జనవరి 24. ఆ రోజు బొబ్బిలి కోట మీదికి విజయనగరం ప్రభువు పూసపాటి విజయరామరాజు, ఫ్రెంచి సేనాని బుస్సీ కలిసి వచ్చారు. కోటలో రాజా రంగారావు. బావమరిది తాండ్ర పాపారాయుడు రాజాంలో ఉన్నాడు, సమయానికి చేరలేకపోయాడు. కోట నిలవదని తేలిపోయాక లోపలివాళ్లు తమ భార్యాబిడ్డలను తామే చంపుకుని చివరిదాకా పోరాడారు. మూడు రోజుల తర్వాత పాపారాయుడు రాత్రివేళ విజయరామరాజు డేరాలోకి చొరబడి అతన్ని చంపాడు. రంగారావు పసికొడుకు మాత్రం బతికి బయటపడ్డాడు, వంశం నిలిచింది.

సినిమా పుట్టక ముందే ఇది సినిమాకు కావలసినంత కథ. దిట్టకవి నారాయణకవి ‘రంగరాయ చరిత్ర’ రాశారు. జంగం కథలవాళ్లు ఊరూరా పాడారు. వేదం వేంకటరాయశాస్త్రి నాటకం చేశారు. కాబట్టి 1964లో సి.సీతారాం ‘బొబ్బిలి యుద్ధం’ తీసేనాటికి ప్రేక్షకులకు కథ నోటికి వచ్చు. రంగారాయుడిగా ఎన్టీఆర్, పాపారాయుడిగా ఎస్వీ రంగారావు, మల్లమ్మగా భానుమతి, విజయరామరాజుగా రాజనాల. ఎవరు మంచివాడో ఎవరు చెడ్డవాడో నటుల పేర్లు చూస్తేనే తెలిసిపోయే పంపకం అది. ఎస్.రాజేశ్వరరావు సంగీతం ఈనాటికీ తాజాగా ఉంది. కోట గోడలు, కత్తుల చప్పుడు ఉన్నా నిజానికి అదొక కుటుంబ చిత్రం. మల్లమ్మ పాపారాయుడికి చెల్లెలు. చెల్లెలి ఇల్లు కూలిపోతే అన్న ఊరుకోలేడు. పగ తీర్చుకోవడానికి పాపారాయుడికి రాజ్యం కంటే పెద్ద కారణం అదే. ఆ ఒక్క బంధం వల్లే కథ ఇన్నాళ్లు నిలిచింది. 1986లో దాసరి కృష్ణంరాజుతో ‘తాండ్ర పాపారాయుడు’ తీసినప్పుడు కథ బరువంతా ఆ అన్న మీదికే వెళ్లింది.

ఈ రెండు చిత్రాల మీదా నాకు గౌరవం ఉంది. ఒక్క చోట మాత్రం మనసు ఒప్పుకోదు. కోట లోపల చనిపోయిన ఆడవాళ్లను, పిల్లలను మన కథలు త్యాగం అన్నాయి. వాళ్లను అడిగిందెవరు? ఈ ప్రశ్నకు జవాబు సినిమాలో దొరకలేదు, పక్క జిల్లా కథలో దొరికింది. ‘బొబ్బిలి యుద్ధం’ వచ్చిన దశాబ్దంలోనే మురపాక కాళీపట్నం రామారావు మాస్టారు ‘యజ్ఞం’ రాశారు. అక్కడ అప్పు తీర్చలేని కుటుంబం. బిడ్డ పాలికాపుగా పెరగడం చూడలేక సీతారాముడు తన కొడుకును తనే నరికి పంచాయితీ ముందు పడేస్తాడు. పరాయివాడి చేతిలో పడనివ్వకూడదని బిడ్డను తండ్రే చంపుకోవడం అనే ఆ పనే కోటలో జరిగితే వీరగాథ అయింది, పాలికాపు ఇంట్లో జరిగితే చదివినవాడికి నిద్ర పట్టనివ్వని నేరారోపణ అయింది. కుటుంబ విశ్వాసం గురించి ఉత్తరాంధ్ర రాసిన అత్యంత కఠినమైన మాట ఆ కథ. ఆ స్థాయికి ఇక్కడి నేపథ్యంతో వచ్చిన యాక్షన్ సినిమా ఇంకా చేరలేదు.

తర్వాతి బొబ్బిలి టైటిళ్ల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ‘బొబ్బిలి పులి’ సైన్యంలో పనిచేసిన మేజర్ కథ. తెలుగుదేశం పార్టీ పుట్టిన నాలుగు నెలల లోపే విడుదలైంది కాబట్టి ఆ వేడి దానికి దక్కింది. ‘బొబ్బిలి బ్రహ్మన్న’ తీర్పులు చెప్పే ఊరి పెద్ద కథ, హిందీకి కూడా వెళ్లింది. కె.రాఘవేంద్రరావు దాన్ని ఏ జిల్లాలో పెట్టినా మారేదేమీ లేదు. ‘బొబ్బిలి రాజా’ సంగతి కొంచెం వేరు. అడవిలో పెరిగిన కుర్రవాడు, నగరం నుంచి వచ్చిన పిల్ల, ఆమె తల్లిగా అధికారంలో ఉన్న వాణిశ్రీ, రెండు ఇళ్ల మధ్య పాత వైరం. పరుచూరి సోదరులు, బి.గోపాల్, ఇళయరాజా కలిసి యాక్షన్‌ను, ప్రేమను, తల్లి కన్నీటిని ఒకే పాకంలో పట్టారు. తెలుగు మాస్ సినిమాకు దాని తర్వాత చాలాకాలం అదే నమూనా. అయినా అందులో కూడా బొబ్బిలి పేరులోనే ఉంది.

ఇక్కడొక మలుపు గమనించాలి. అదే బి.గోపాల్ 1999లో ‘సమరసింహారెడ్డి’, 2001లో ‘నరసింహనాయుడు’, 2002లో ‘ఇంద్ర’ తీశారు. కుటుంబ పౌరుషం చిరునామా రాయలసీమకు మారిపోయింది. బొబ్బిలి సింహాసనం ఖాళీ అయి కర్నూలు, కడప సుమోలకు దారి ఇచ్చింది. సీమవాళ్లు ఆ ముద్ర వల్ల పడిన బాధ వాళ్లు చెబుతూనే ఉన్నారు. ఉత్తరాంధ్రకు ఆ ముద్ర పడలేదు కానీ మరొకటి పడింది. ఇక్కడి యాస మాట్లాడే మనిషి తెర మీద పనిమనిషి, వాచ్‌మన్, అమాయకపు చుట్టం. హీరో పక్కన నవ్వించడానికి ఉండేవాడు. శ్రీకాకుళం నుంచి వెళ్లిన షకలక శంకర్ లాంటి ప్రతిభ ఉన్న నటుడికి కూడా మొదట తెరిచిన తలుపు ఆ నవ్వుల తలుపే. శంకరశాస్త్రి పాత్రతో తెలుగువాళ్ల గుండెల్లో నిలిచిపోయిన జె.వి.సోమయాజులు శ్రీకాకుళం జిల్లా మనిషి. పి.సుశీల విజయనగరంలో పుట్టారు. ఘంటసాల అక్కడి సంగీత కళాశాలలో చదువుకున్నారు. ఇంత ఇచ్చిన ప్రాంతం మాట మాత్రం ప్రేమ చెప్పడానికి పనికిరాదని, సవాలు విసరడానికి చాలదని పరిశ్రమ చాలాకాలం అనుకుంది. ఈ మాట కోపంతోనే రాస్తున్నాను.

ఇప్పుడు విజయనగరం వైపుకు రండి. సినిమాల్లో విలన్‌గా మిగిలిన విజయరామరాజుకు ఒక చెల్లెలు ఉందని ఆ ఊరు చెప్పుకుంటుంది. పేరు పైడితల్లి. బొబ్బిలి మీదికి వెళ్లొద్దని ఆమె అన్నను బతిమాలిందట. అతను వినలేదు. అన్న ప్రాణానికి ముప్పు ఉందని తోచి బయల్దేరిన ఆమెకు దారిలోనే అతని చావు కబురు అందింది. అక్కడే కుప్పకూలి, దేవతై, పెద్దచెరువులో విగ్రహంగా దొరికిందని జనం నమ్మకం. చరిత్రకారుడు దీన్ని ఎంతవరకు ఒప్పుకుంటాడన్నది వేరే సంగతి. ఒక ఊరు రెండున్నర శతాబ్దాలుగా ఏ బంధాన్ని గుండెకు హత్తుకుని ఉందో చెప్పడానికి ఈ ఒక్క కథ చాలు.

విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం సిరిమానోత్సవం. యాభై అడుగులకు పైబడిన చింతమానును బండికి బిగిస్తారు. మాను ఎక్కడుందో అమ్మవారే కలలో పూజారికి చెబుతుందంటారు. ఆ మాను కొసన పీట మీద పూజారి కూర్చుంటాడు. ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల నడుస్తాయి. గుడికీ కోటకూ మధ్య మాను మూడుసార్లు తిరుగుతుంది. కోట దగ్గరికి వచ్చినప్పుడు మాను ముందుకు వంగుతుంటే కింద జనం అరటిపళ్లు విసురుతారు, ఆడవాళ్లు కొంగులు పట్టుకుని దండం పెడతారు. చెల్లెలు ఏటేటా పుట్టింటికి వచ్చి వెళుతుందన్నది ఈ ఊరేగింపు అర్థం. యుద్ధం గెలిచిన రాజుకు ఇక్కడ జాతర లేదు. వద్దని చెప్పిన చెల్లెలికి ఉంది.

బొబ్బిలిలో 1891లో కట్టిన యుద్ధ స్మారక స్తంభం ఉంది. విజయనగరంలో సిరిమాను ఉంది. అటు చెల్లెలి కోసం చంపిన అన్న, ఇటు అన్న కోసం చనిపోయిన చెల్లెలు. ఒకే యుద్ధానికి రెండు ఇళ్ల ఏడుపు. ఇంత పెద్ద నాటకంలో మన తెర ఒక సగమే ఆడింది. రెండు వైపులా ప్రేమించిన మనుషులే ఉన్నారని చెప్పే ‘బొబ్బిలి యుద్ధం’ ఇంకా రాలేదు.

‘బొబ్బిలి యుద్ధం’ వచ్చిన యాభై ఆరేళ్ల తర్వాత రాజుల కథ నుంచి కూలీల కథకు మారిన చిత్రం 2020 మార్చిలో వచ్చిన ‘పలాస 1978’. కరుణకుమార్ దర్శకుడు. రక్షిత్, తిరువీర్ అన్నదమ్ములు. రఘు కుంచె సంగీతమూ ఇచ్చి షావుకారు వేషమూ వేశారు. పలాస అంటే జీడిపప్పు అని అందరికీ తెలుసు. జీడిపిక్క పైకి కనిపించినంత సాధువు కాదు. పెంకులో ఉండే నూనె తగిలితే వేలు నల్లబడి తోలు ఊడుతుంది. పిక్కను కాల్చి, కోసి, ఆరబెట్టి, పొట్టు తీసి, ముక్క కాకుండా గుండు పప్పుగా బయటికి తెచ్చేది ఎక్కువగా ఆడవాళ్ల చేతులే. ముక్కయిన పప్పుకు ధర తగ్గుతుంది, ఆ తగ్గిన ధర ఎక్కడో ఒక కూలి మీద పడుతుంది. సినిమాలో ఆ ఊళ్లోని అణగారిన కులానికి చెందిన పాటగాడి కొడుకులు షావుకార్లకు కండబలమై, చివరికి వాళ్ల ఎత్తులకే బలైపోతారు.

ఈ చిత్రం గొప్పతనం ఒక ప్రశ్న వేయడంలో ఉంది. విశ్వాసం ఎవరి మీద? బొబ్బిలి కథల్లో బంటు ప్రభువు కోసం చావడం సహజం. పలాసలో ప్రభువు కోసం కత్తి పట్టిన బంటుకు తన అన్నదమ్ముడే ఎదురవుతాడు. సొంత రక్తాన్ని పణంగా పెట్టి ఇంకొకడి ఇల్లు కాపాడడం పౌరుషమా, బానిసత్వమా అని తెర మీదే నిలదీశారు. పోలీసు అధికారి సెబాస్టియన్ పాత్ర ఆ నిలదీతకు గొంతు. యాస పాత్రలందరికీ సమానంగా దక్కింది. ప్రేమించేవాడూ, నరికేవాడూ, చదువుకున్నవాడూ ఒకే భాష మాట్లాడారు. ఉత్తరాంధ్ర జానపద బాణీలో రఘు కుంచె చేసిన పాట రాష్ట్రమంతా పెళ్లిళ్లలో మోగింది. లోపాలు లేవని కాదు. రెండో సగంలో రాజకీయం ఎక్కువై మనుషులు పలచబడ్డారు, లక్ష్మి ప్రేమకథ మొదట్లో ఉన్నంత బలంగా చివరిదాకా రాలేదు. హింస కొన్నిచోట్ల కథ కంటే ముందు పరిగెత్తింది. అయినా ఈ ప్రాంతం మీద వచ్చిన యాక్షన్ చిత్రాల్లో నిజాయితీకి మొదటి స్థానం దీనికే ఇస్తాను.

ఈ వరసలో రెండోది ‘తండేల్’. 2025 ఫిబ్రవరి 7న విడుదలైంది. చందూ మొండేటి దర్శకత్వం, కార్తీక్ తీడ కథ, నాగచైతన్య, సాయిపల్లవి. వెనక ఉన్నది నిజంగా జరిగిన సంగతి. 2018 నవంబరులో గుజరాత్ వేరావల్ నుంచి చేపలవేటకు వెళ్లిన బోట్లు పొరపాటున సరిహద్దు దాటాయని పాకిస్థాన్ దళాలు పట్టుకున్నాయి. బోట్లలో ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఎచ్చెర్ల మండలం మత్స్యలేశం వైపు జాలరులు. కరాచీ జైలులో ఏడాదికి పైగా ఉండి 2020 జనవరి 6న వాఘా దగ్గర ఇరవై మంది మన నేల మీద అడుగుపెట్టారు.

శ్రీకాకుళం జిల్లాకు 190 కిలోమీటర్లకు పైగా సముద్రతీరం ఉంది. అంత తీరం ఉన్నవాడు వేట కోసం గుజరాత్ ఎందుకు వెళ్లాలి? తీరం ఉంది గానీ పెద్ద బోటు ఆగే రేవు లేదు. అందుకే పడమటి తీరంలో వేట నిషేధం ముగిసే వేళకు ఊళ్లకు ఊళ్లే రైలెక్కుతాయి. మళ్లీ వచ్చేది ఎండాకాలంలో. ముందుగా తీసుకున్న డబ్బు ఇంటి అప్పుకో, చెల్లెలి పెళ్లికో అప్పటికే ఖర్చయిపోయి ఉంటుంది. ఇక్కడ కుటుంబం మీద ప్రేమ చూపించడమంటే కుటుంబాన్ని వదిలి వెళ్లడమే. చేపకు వేరావల్, తాపీపనికి చెన్నై. 2014 జూన్‌లో చెన్నై మౌలివాక్కంలో కడుతున్న భవనం కూలి 61 మంది చనిపోయినప్పుడు చాలా శవపేటికలు వచ్చింది శ్రీకాకుళం, విజయనగరం పల్లెలకే. మన యాక్షన్ సినిమా విశ్వాసాన్ని ఎదుటివాడి రక్తంతో కొలిచింది. ఈ పల్లెలు దాన్ని ఎడబాటుతో కొలుస్తాయి.

‘తండేల్’ ఈ సంగతి పట్టుకుంది. నాయిక సత్య, నాయకుడు రాజును వెళ్లొద్దంటుంది. బోటు నాయకుడిగా తన మీద ఆధారపడిన మనుషులున్నారని రాజు వెళతాడు. ఇద్దరిదీ న్యాయమే. ప్రేమకు, బృందం పట్ల బాధ్యతకు మధ్య పుట్టిన ఈ గొడవలో విలన్ లేడు, అందుకే మొదటి సగం అంత బాగుంటుంది. మాట వినలేదన్న అలకతో సత్య మరో పెళ్లికి ఒప్పుకోవడం కొందరికి నచ్చలేదు. నాకు అది నిజంగా అనిపించింది. ఏడాదిలో తొమ్మిది నెలలు ఎదురుచూసే ఆడదానికి ఆ ఒక్క హక్కయినా ఉండాలి. శ్రీముఖలింగం శివరాత్రిని తలపించే పాటలో జిల్లా గుండె వినిపించింది. నాగచైతన్య యాస కోసం పడ్డ శ్రమ కనిపిస్తుంది, సాయిపల్లవి మాటల్లో మాత్రం ఆ శ్రమ కూడా కనిపించదు.

కథ కరాచీ జైలుకు చేరాక చిత్రం చిక్కిపోయింది. జెండా, నినాదాలు, జైలు కొట్లాటలు. తెలుగు, హిందీ ప్రేక్షకులు కలిసి చప్పట్లు కొట్టే ఘట్టాలు కావచ్చు. ఆ ఏడాది పైచిలుకు కాలం అసలు నాటకం మత్స్యలేశంలో నడిచింది. మగవాళ్లు లేని ఇళ్లలో అప్పు ఎవరు కట్టారు, పిల్లల బడి ఎలా సాగింది, కడుపుతో ఉన్నవాళ్ల పురుడు ఎవరు పోశారు, అర్జీలు పట్టుకుని ఎన్ని గుమ్మాలు ఎక్కారు అన్నవి సినిమాకు చాలినన్ని ఘట్టాలు. సత్య తాపత్రయం రూపంలో వాటిని కొంత చూపించారు, అది సరిపోలేదు.

సముద్రం మీది ప్రేమకథ అనగానే 1965 నాటి మలయాళ ‘చెమ్మీన్’ గుర్తొస్తుంది. ఒడ్డున భార్య నియమంగా ఉంటేనే కడలిలో భర్త క్షేమం అన్న నమ్మకం అందులో ఆడమనిషి మెడకు చుట్టుకుంటుంది. ‘తండేల్’ ఆ భారాన్ని తిప్పేసి, ఒడ్డున ఉన్నదాని మాట వినకపోతే కడలిలోనివాడికి ఏమవుతుందో చూపింది. ఇది చిన్న ముందడుగు కాదు. 1948లో ఇటలీలో విస్కోంటి ‘లా తెర్రా త్రెమా’ తీసినప్పుడు సిసిలీ పల్లె జాలరులనే నటులుగా పెట్టి వాళ్ల మాండలికంలోనే మాట్లాడించారు. ఇటలీలో మిగతావాళ్లకు అర్థం కాదన్నా వెనక్కి తగ్గలేదు. మన దగ్గర ‘తండేల్’ షూటింగ్‌కు కర్ణాటకలోని ఉడుపి రేవు కావలసి వచ్చింది. నిర్మాతకు ఉండే ఇబ్బందులు నాకు తెలుసు. అయినా రేవు లేకపోవడం వల్ల వలస పోతున్న ఊరి కథ తీయడానికి కూడా పరాయి రేవుకు పోవడం మనసును గుచ్చే విషయం.

ఈ ప్రాంతం ఇప్పుడు పెద్ద సినిమా కంట్లో పడింది. విజయ్ దేవరకొండ ‘కింగ్‌డమ్’ శ్రీకాకుళం తీరాన మొదలై శ్రీలంకకు వెళ్లే అన్నదమ్ముల కథ చెప్పింది. బుచ్చిబాబు సానా దర్శకత్వంలో రామ్‌చరణ్ ‘పెద్ది’ మొదటి దృశ్యాలు 2025 శ్రీరామనవమికి వచ్చినప్పుడు అగ్రహీరో నోట ఉత్తరాంధ్ర యాస విని ఇక్కడి కుర్రాళ్లు సంబరపడ్డారు. ఆ సంబరంలో నాకూ భాగం ఉంది. ఒకప్పుడు ‘మగధీర’ పాటలో పార్వతీపురం దగ్గరి వంగపండు ప్రసాదరావు పల్లవి వినిపించినప్పుడు దాని వెనక ఉన్న పోరాటం ఎక్కడా కనిపించలేదు. యాస కూడా అలా అలంకారంగా మిగిలిపోకూడదు.

సినిమా తీసేవాళ్లకు నా విన్నపం ఇది. పైడితల్లి, మల్లమ్మల వైపు నుంచి బొబ్బిలి యుద్ధం మళ్లీ తీయండి. మత్స్యలేశం ఆడవాళ్లను కూర్చోబెట్టి ఆ ఏడాది పైచిలుకు కాలం ఎలా గడిచిందో వాళ్ల నోటనే వినండి, మాటలు వాళ్ల నుంచే రాసుకోండి. శ్రీకాకుళంలో కారా మాస్టారు కట్టిన కథానిలయం ఉంది, అక్కడ ఒక వారం గడపండి. నాయిక తండ్రి వేషమో నాయకుడి నేస్తం వేషమో కాకుండా నాయిక, నాయకుల వేషాలే ఇక్కడి పిల్లలకు ఇవ్వండి. అలాంటి సినిమా వస్తే మొదటి ఆట టిక్కెట్టు కొనడానికి ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా జనం సిద్ధంగా ఉన్నారు.